దగ్గరగా వాలిన కొంగలు

సుధాకర్ మాస్టారు మా స్కూల్లో ఫిజిక్సు చెబుతారు, నేను బయాలజీ. కిందటేడు చలికాలంలో ఆత్రేయపురం పక్క చేలల్లో తీసిన కొంగ ఫొటో ఒకటి ఆయన మా పక్షుల గ్రూపులో పెట్టారు. ముక్కు మీద బురద చుక్క కూడా కనబడుతోంది. నా దగ్గరా దూరం పిట్టల్ని దగ్గరగా చూపే స్పాటింగ్ స్కోపు ఉంది. కంటితో చూస్తే బాగానే ఉంటుంది గానీ, ఫోను ఆనించి తీస్తే మసక మసకగా ఒక గుండ్రం వస్తుంది, అంతే. అంతా అడాప్టర్‌లోనే ఉందండీ, ఫోనుని స్కోపుకి కదలకుండా బిగించే పరికరం అది, అని ఆయన చెబితే నమ్మాను. అందుకే క్రిస్మస్ సెలవుల్లో ఒక రోజు, ఇంట్లో పిండివంటల గిన్నెలు ఇంకా తోమకుండానే, తణుకులో ఏడింటి ప్యాసింజరు ఎక్కాను.

నిడదవోలులో ఎక్కిన ఒక పెద్దావిడ నా గొట్టాన్నీ మూడు కాళ్ళ స్టాండునీ చూసి అనుమానంగా సర్దుకుని కూర్చుంది. "సర్వే వాళ్ళాండి? మా చేను ఒకసారి కొలిచేశారండి," అంది. పిట్టలు చూడ్డానికని చెప్పినా నమ్మలేదు. కొవ్వూరు దాకా గట్టు తగాదా చెప్పి, గోదావరి వంతెన మీద మాత్రం మాట ఆపి నీళ్ళకి దణ్ణం పెట్టుకుంది.

రాజమండ్రిలో దిగేసరికి దుకాణాలు తెరవలేదు. స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, కాఫీ బాగోలేదు. పదింటికి మెయిన్ రోడ్డులో కెమెరా సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాను. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: స్కోపు వెంట తీసుకెళ్ళండి, కొలత రాసుకెళ్తే చాలదు. ముందు ఏ ఫోనుకైనా సరిపోతుందంటూ స్ప్రింగు పట్టు ఉన్న అడాప్టర్ ఇచ్చారు. ఆ పట్టు సరిగ్గా ఫోను పక్క బటన్ మీద పడి, ఫొటో తీద్దామనేసరికి ఫోను ఆగిపోతోంది. నా ఫోనుకి మూడు కెమెరాలు. వాటిలో అసలుది కటకానికి ఎదురుగా రాకపోతే చుట్టూ నల్లటి వలయం పడుతుంది. చివరికి కంటి దగ్గర గొట్టానికి చుట్టూ మరలు బిగించే రకం తీసుకున్నాను. ఫోను కవరు తీసేసి బిగించి, ఎదురు మేడ మీద వాలిన పావురాన్ని తీశాను. ఈక ఈకా తెలిసింది. కొట్టాయన కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

పన్నెండింటి బస్సు ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్ళింది. ఆత్రేయపురంలో సత్తిరాజు గారు మోటారుసైకిలు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన రైతు, సుధాకర్ మాస్టారికి తెలిసినాయన. కొంగల ఫొటోలకి వస్తున్నానని ముందురోజే ఫోన్లో చెప్పాను. ఇంటికి తీసుకెళ్ళి, చేపల ఇగురు మళ్ళీ మళ్ళీ వడ్డించి, ఇక వద్దంటే నొచ్చుకున్నారు. పూతరేకులు చేతిలో పెట్టాకే లేవనిచ్చారు. మీకు ఏ ఇబ్బందీ లేకుండా అన్నీ చూశానని దారిలో అంటే, గొడుగో కుర్చీయో అనుకున్నాను.

మూడింటికి చేలోకి వెళ్ళాం. దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులకి నీళ్ళు పెట్టి బురదగా దమ్ము చేసిన చేను. గట్టుకి బాగా దగ్గరలో తెల్లగా కొంగలు, ఒకదాని పక్కన ఒకటి. ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. గబగబా అడాప్టర్ బిగించి తీస్తూనే ఉన్నాను. ముందున్న కొంగ ఒకటి తల కూడా తిప్పకుండా నిలబడింది, ఎంత మంచిదో అనుకున్నాను. ఫొటో ఎలా వచ్చిందోనని ఫోను తెర మీద పెద్దది చేసి చూశాను.

దాని కన్ను పసుపుగా ఉండాలి. కన్ను లేదు. పై రెప్పనీ కింది రెప్పనీ కలిపి నల్లదారంతో కుట్టేశారు.

సత్తిరాజు గారు మెల్లగా అడిగారు. "అయిపోయాయాండి ఫొటోలు? అయితే చెప్పండి టీచరు గారు, వల లాగుతారు. మీరు కానిచ్చేదాకా ఆగమన్నాను."

అప్పుడు కనబడింది, బురదలో పరిచిన వల, దాని తాడు, అవతల తాటాకుల చాటున ఇద్దరు మనుషులు. ఏంటండీ ఇది అన్నాను.

"మరి ఊరికే ఇంత దగ్గరగా వాల్తాయేంటండి? మీరు అంత దూరం నుంచి వస్తున్నారని పిట్టలు పట్టేవాళ్ళని నిన్ననే పిలిపించాను. సుధాకర్ గారికీ ఇలాగే పెట్టించామండి."

ఆయన ముఖంలో దాపరికం ఏమీ లేదు. చుట్టానికి మంచం వాల్చినంత మామూలుగా చెప్పారు. నేను స్కోపులో చూస్తున్నంతసేపే ఆ కొంగలు బతికి ఉంటాయని నాకు అర్థమైంది. ఎలాగైనా వాటిని లేపాలని చీర ఎగగట్టి, చప్పట్లు కొడుతూ బురదలోకి పరిగెత్తాను.

అదే సైగ అనుకున్నారు వాళ్ళు. తాడు లాగేశారు.

చాలా కొంగలు లేచిపోయాయి. కొన్ని వల కింద రెక్కలు కొట్టుకున్నాయి. నేను అక్కడే ఏడ్చేశాను. నన్ను చూసి సత్తిరాజు గారు కంగారుపడి, ప్యాంటుతోనే బురదలోకి దిగి తనే వల ఎత్తారు. వల కింద పడ్డవాటిలో ఒకటి తప్ప అన్నీ ఎగిరాయి. దాని మెడ తాడు కింద విరిగింది.

ఎరగా నిలబెట్టిన ఆ కొంగ కళ్ళెందుకు కుట్టారని వాళ్ళలో ఒకాయన్ని అడిగాను. "కుట్టకపోతే మనుషుల్ని చూసి కొట్టుకుంటాదండి. కొట్టుకుంటే పైనున్నవి దిగవు," అన్నాడు, అడిగింది వింతైనట్టు. బ్లేడుతో దారం కోయించాను. కొంగ కళ్ళు తెరిచింది. ఎగరలేదు, రెక్క ఈకలు పీకేసి ఉన్నాయి. సత్తిరాజు గారు దాన్ని తువ్వాలులో చుట్టుకుని, ఈకలొచ్చేదాకా తన చేపల చెరువు దగ్గర ఉంచుతానన్నారు. బస్సు ఎక్కించేటప్పుడు తలెత్తలేదు. "మీకోసమే చేశానండి," అన్నారు.

రావులపాలెంలో బస్సు మారి తణుకు వైపు వస్తూ సుధాకర్ మాస్టారికి ఫోన్ చేశాను. ఆయనకు తెలిసి ఉండదని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. జరిగిందంతా చెప్పాను.

"నా ఫొటోలో కూడా ఉందండి, అలా కళ్ళు కుట్టిన కొంగ," అన్నారు ఆయన. "ఎడమ పక్కన. అంతవరకూ కత్తిరించేసి గ్రూపులో పెట్టాను."

ఫోన్ పెట్టేశాను. పద్నాలుగేళ్ళుగా ఒకే స్టాఫ్ రూములో పక్కపక్కన కూర్చున్నాం. ఇల్లు చేరకముందే నా ఫొటోని కత్తిరించకుండా గ్రూపులో పెట్టాను. ఆత్రేయపురం చేలు చూడదగ్గవే, మర్యాదకి లోటుండదు, రోడ్డు బాగుంది. గ్రూపులో మొదటి ప్రశ్న అడాప్టర్ గురించే వచ్చింది, ఎలా పనిచేసిందని. చాలా బాగా పనిచేసింది. కుట్లు లెక్కపెట్టుకోవచ్చు.