అదే పిలుపు, అంతే శబ్దం

మా బాబుకి ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాలేదు. గుడివాడలో పిల్లల డాక్టరుగారు, బందరులో చెవుల డాక్టరుకి చూపించమన్నారు. "ఈలోపు వెనక నుంచి ఒకే శబ్దం వినిపించి చూడండమ్మా. ఎంత చిన్నదానికి తిరుగుతున్నాడో అక్కడ చెప్పండి" అన్నారు.

మా అత్తగారు వెనక పళ్ళెం మోగిస్తే తిరిగేవాడు. శబ్దానికా, గోడ మీద ఆవిడ నీడకా? నాకు తెలిసేది కాదు. అందుకే కంప్యూటర్‌లో నా గొంతే రికార్డు చేశాను. "కన్నా, ఇటు చూడు." స్పీకర్లు కర్టెన్ వెనక పెట్టి, వాటి నాబ్ కదిలితే తెలిసేలా గోళ్ళరంగుతో గీత పెట్టాను. స్క్రీన్ మీద వాల్యూమ్ బాగా తగ్గించాను. వాడు తిరగలేదు. బొమ్మ లారీ చక్రం తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసి, ఆ రికార్డింగు నొక్కమని మావారికి చెప్పి, దొడ్లో బట్టలు ఆరేస్తున్నాను.

"తిరిగాడు! తిరిగాడు!" ఆయన కేక.

"నే చెప్పలా?" అత్తగారు పొంగిపోయారు. "వీడి నాన్న మాత్రం నాలుగో ఏట కదూ నోరు విప్పింది! ఇప్పుడు మూస్తున్నాడా? మోపిదేవి గుళ్ళో మనవడికి చెవులు కుట్టించేద్దాం."

నేను చేతిలో బట్టలు బకెట్లో పడేశాను. ఆ పిలుపు బట్టల తీగ దాకా నాకూ వినపడింది. అంతకుముందు అది హాలు దాటేది కాదు.

లోపలికి వెళ్ళి చూస్తే స్క్రీన్ మీద వాల్యూమ్ చిట్టచివరికి వెళ్ళి ఉంది. తగ్గించి, ఆపి, ఆన్ చేశాను. మళ్ళీ పైకే వెళ్ళింది.

కంప్యూటర్ అమ్మిన షాపుకి ఫోన్ చేస్తే, "అది అంతేనండీ, ఆన్ చేసినప్పుడల్లా తగ్గించుకోండి" అన్నారు.

"తిరిగాడుగా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు మావారు.

"అరిస్తే తిరిగాడండీ. పిలిస్తే తిరగాలి."

కంప్యూటర్ మొదలవగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాముల్లో సౌండ్ కార్డుది ఒకటి కనిపించింది. ప్రతిసారీ తన సెట్టింగులు తెచ్చి పెడుతున్నది అదే. దాని ఎదుట టిక్కు తీసేశాను. ఆపి ఆన్ చేశాను. వాల్యూమ్ కదల్లేదు. ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి చూశాను. కదల్లేదు.

ఇక నొక్కడానికి చెయ్యి రాలేదు.

"ఇవాళ్టికి వదిలెయ్" అన్నారాయన, మెల్లగా.

నొక్కాను. బాబు తిరగలేదు. కొంచెం పెంచాను. లారీ చక్రం తిరుగుతూనే ఉంది. ఇంకొంచెం. సగం దాటాక చక్రం ఆగింది. వాడు కర్టెన్ వైపు చూశాడు.

"చూశాడమ్మాయ్!" అన్నారు అత్తగారు.

"వంటింటి గుమ్మంలో నిలబడి వినండత్తయ్యా" అని మళ్ళీ అదే నొక్కాను.

గుమ్మంలో నిలబడి విన్నారావిడ. అక్కడికీ ఖణేల్‌మంటోంది. కర్టెన్ పక్కనే కూర్చున్న మనవడి వంక చూశారు.

"మోపిదేవి తర్వాత వెళ్దాంలే. రేపు పొద్దున్నే బందరు బస్సెక్కండి" అన్నారు.