ఆగి ఆగి రాసిన చెయ్యి

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఊడ్చి తుడిచే పని నాది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంటానంటే, అక్కడి సారు తెలుగు పాఠాల వీడియో పెట్టించాడు. అయితే అసలు కంప్యూటర్‌లో కాదు. దాని లోపల, విద్యార్థుల ప్రాక్టీసు కోసం తయారుచేసిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని.

“ఇందులో ఏం ఖరాబైనా ఫికర్ లేదమ్మా,” అన్నాడు.

అందులో వీడియో ఆగి ఆగి నడిచేది. పలక మీద రాసే చెయ్యి అక్షరం మొదట్లో కనిపించి, మళ్లీ చివర్లో తేలేది. ‘ఖ’ ఎటు తిరుగుతుందో తెలిసేది కాదు. చెబితే, “గట్లనే వస్తదమ్మా, జర సర్దుకో,” అన్నాడు. మూడు నెలలు సర్దుకున్నాను.

ఒకరోజు కొత్త బ్యాచ్‌కు ఇలాంటి మెషీన్ వేగం ఎలా పెంచాలో డెమో ఇస్తూ సారు నా పాఠమే తెరిచాడు. ఆ మెషీన్‌కు మెమరీ పెంచి, గ్రాఫిక్స్ సెట్టింగ్ ఏదో ఆన్ చేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెయ్యి ఎక్కడా ఆగకుండా సాగింది. గుమ్మంలో నిలబడి ‘ఖ’ మలుపు మొదటిసారి చూశాను.

“జర మల్ల పెట్టు సారూ,” అన్నాను. పిల్లలు నవ్వారు.

“డెమో అయిపోయిందమ్మా,” అంటూ, ప్రతి క్లాసు తర్వాత చేసినట్టే, మెమరీ, సెట్టింగ్ అన్నీ పాత స్థితికి తెచ్చేశాడు.

ఆయనకు చేతకాదేమో అనుకునే ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. నిజంగా చేతకాకపోయి ఉంటే నాకు కోపమే వచ్చేది కాదు.