నిఖా పొద్దున జారిన దవడ

నిఖాకు ఇంకా గంట ఉందనగా ఆవలించాను. చెవుల ముందు టక్కుమంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ‘నోరు మూసుకోవే’ అని నన్ను తిట్టని మనిషి మా పెనుకొండ ఇంట్లో లేదు. ఆ రోజు మూసుకుందామన్నా వీల్లేకపోయింది.

చొల్లు కారుతోంది, మాట రావడం లేదు. మా చిన్నమ్మ చూసి మూర్ఛ అనుకుంది. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెడతారు కదా, పరుగున పోయి బీరువా తాళాల గుత్తి తెచ్చి నా గోరింటాకు చేతిలో కుక్కింది. ప్రేమతోనే చేసింది. కానీ ఆ గుత్తి చూశాక ధర్మవరం నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తరపు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లకు ఫిట్సున్న సంగతి దాచారని గుసగుసలు మొదలయ్యాయి. కాదని అరవాలని ఉంది నాకు. కోపంతో ఏడుపొచ్చింది. నేను కోరి ఒప్పుకున్న సంబంధం, ఒక్క ఆవలింతతో పోయేలా ఉంది.

అమ్మ నన్ను వీధి చివర పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. పెళ్ళికొడుకు తల్లి పిలవకుండానే వెంట వచ్చింది. తనిఖీకే వచ్చిందనుకున్నాను. డాక్టరమ్మ నా చెవుల ముందు తడిమింది. అక్కడ పుర్రెలో చిన్న గుంట ఉంటుందని, కింది దవడ మొన అందులో కూర్చుంటుందని, నోరు తెరిస్తే ముందుకు జారి, మూస్తే వెనక్కి వస్తుందని చెప్పింది. నాది గట్టు దాటి ముందరే చిక్కుకుందట. మూర్ఛ కాదు, ఏమీ కాదు అంది. బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని నా వెనక పళ్ళ మీద కిందికి నొక్కి, వెనక్కి తోసింది. ప్రాణం పోయినంత పనయింది. దవడ చోటికి చేరింది.

పెళ్ళికొడుకు తల్లి తన చెవి ముందు వేలు పెట్టుకుని నోరు తెరిచి, మూసి చూసుకుంది.

"నాకూ కదులుతాండాది," అంది.

మూర్ఛ కాదని నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

నోరు పెద్దగా తెరవొద్దని డాక్టరమ్మ గడ్డం కింద గుడ్డ కట్టి పంపింది. ఇంటికి రాగానే, నిఖాలో నా తరపున మాట్లాడే వకీలు సాక్షులతో వచ్చి నా సమ్మతి అడిగాడు. పళ్ళ సందునుంచి చెప్పాను, ఆయనకు వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. ఆడవాళ్ళందరూ మెడలు సాచారు. మళ్ళీ జారితే ఇక నన్నెవరూ నమ్మరు. పిడికిట్లో తాళాల గుత్తి అట్లాగే ఉంది, వదలడం కూడా మరిచిపోయాను.

పెళ్ళికొడుకు తల్లి వచ్చి నా పక్కన కూర్చుంది. గుత్తి తీసి చిన్నమ్మకిచ్చేసింది. నా గడ్డం కింద అరచెయ్యి ఆనించింది.

"ఇంగ చెప్పు పాపా. జారితే నేను పట్టుకుంటాలే."

ఆమె చేతిలో గడ్డం పెట్టి ఖుబూల్ అన్నాను, గడప అవతలి వాళ్ళకు కూడా వినపడేట్టు.