పోయిందని చెప్పిన బిళ్ల

ఒక ఇత్తడి బిళ్ల ఎంత బరువుంటుంది? అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. దాన్ని నేను నలభై ఏళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. నాతో గనిలో దిగినవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రత్నం, నేను కోలారు బంగారు గనుల ఊరిగాంలో, లైన్లు అనే గనివాళ్ల ఇళ్ల వరసల్లో పక్కపక్కన పుట్టాం. రత్నం అన్నది అతని అసలు పేరు కాదు. ఇద్దరి తండ్రులూ గని పనివాళ్లే. ఒకే బడి, ఒకే బెంచీ, చివరికి ఒకే షిఫ్టు. గనిలో దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ల ఉండేది. దిగేముందు హాజరు కిటికీలో ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక కిటికీలో బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. సెలవు దొరకని రోజు మాలో కొందరు తమ బిళ్లను స్నేహితుడి చేతికిచ్చి సొంత పనికి పోయేవారు. కిటికీ లోపలి మనిషి తలెత్తి చూసేవాడు కాదు. తప్పే. కానీ అందరూ చేసే తప్పు.

ఆ రోజు కామసముద్రం ఊళ్లో పట్టుపురుగులు పెంచే మా అమ్మ గూళ్లు విడిపించి సంతకు పంపాలి. నేను సాయానికి అక్కడికి పోయాను. నా బదులు నా బిళ్ల గనికి పోయింది.

మధ్యాహ్నం గని లోపల ఎయిర్ బ్లాస్ట్ అయింది. భూమి ఒత్తిడికి రాయి దానంతటదే పగిలి విరుచుకుపడటాన్ని మేం అలా అంటాం. తల పగిలి స్పృహ తప్పిన రత్నాన్ని ఆసుపత్రికి మోసుకుపోయారు. అందరినీ చూసుకున్నాక కిటికీలో ఒక్క బిళ్ల మిగిలింది. నాది.

సాయంత్రం బస్సు దిగి లైన్లోకి వస్తుంటే పొరుగింటి మునెక్క నన్ను చూసి బిందె కింద పెట్టేసింది. "యాడ పోయింటివిరా? నీ కోసరం లోపల ఆరుమంది రాళ్లు తీస్తా ఉండారు" అంది.

గనికి పరుగెత్తి, నేను బయటే ఉన్నానని చెప్పాను. ఆ ఆరుగురూ దుమ్ముకొట్టుకుని పైకి వచ్చారు. ఒక్కరూ నన్ను తిట్టలేదు. ఒకాయన నా భుజం పట్టుకుని చూసి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసులో కాగితం ముందు పెట్టి, బిళ్ల ఎవరికిచ్చావని అడిగారు. నిన్ననే పోయిందనీ, ఎవరికీ ఇవ్వలేదనీ రాసి సంతకం పెట్టాను. ఎవరూ బెదిరించలేదు. పెళ్లి కుదిరిందనీ, నాన్న ఉంటున్న కంపెనీ ఇల్లు నా పేరుకు మారాల్సి ఉందనీ తర్వాత ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, పెన్ను పట్టుకున్న ఆ క్షణంలో అవేవీ నాకు గుర్తు రాలేదు, ఆసుపత్రిలో పడి ఉన్నవాడు కూడా గుర్తు రాలేదు. భయం ఒక్కటే ఉంది. భయపడినవాళ్లందరూ ఇలాగే రాస్తారా?

మూడో రోజు రత్నానికి తెలివొచ్చింది. మా స్నేహం అందరికీ తెలుసు కాబట్టి అతన్నీ అడిగారు. నా కాగితం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. బిళ్ల దోవలో దొరికిందనీ, నాకు హాజరు పడాలని నాకు తెలియకుండా తనే కిటికీలో ఇచ్చాననీ చెప్పాడు. ఇద్దరం ఒకే అబద్ధం చెప్పాం. అతను నా కోసం. నేనూ నా కోసమే.

అతన్ని పనిలోంచి తీసేశారు. తలకట్టుతోనే మా ఇంటికొచ్చాడు. నవ్వుతూ వచ్చాడు.

"నిన్ను తప్పించినానప్పా. పోతే ఒకనిదే పోనీ, ఇద్దరిదీ ఎందుకు పోవల్ల?"

నేను పీట లాగి అతని ముందు వేశాను.

"నువ్వేమన్నా రాసిచ్చినావా ఏం?"

"లేదప్పా. నీ మాట విని నన్ను అడగనే లేదు."

"మంచిదే. ఇంగ నోరు మూసుకోనుండు. మీయమ్మ పురుగులు నా నౌకరిని మేసేసినాయి, ఏం చేద్దాం."

నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

ఏడాది తిరగకముందే అతను ఆఫ్రికాలో రాగి గనికి వెళ్లిపోయాడు. తర్వాత గని మానేసి నీళ్ల పంపులు బాగుచేసే షెడ్డు పెట్టాడు. పెళ్లి, ఇద్దరు కూతుళ్లు, నారింజ చెట్ల మధ్య ఇల్లు. అన్నీ ఫొటోల్లో చూశాను. ఇక్కడ మా గని మూతపడింది. ఆ నౌకరి పోవడమే వాడి అదృష్టం అని లైన్లో ఎవరైనా అంటే తల ఊపేవాణ్ణి, ఎన్నోసార్లు ఊపాను, అతను కొత్త దేశంలో ఎముకలు అరగదీసుకుని కట్టుకున్న బతుకును నా అబద్ధం ఖాతాలో వేసుకుంటూ.

పోయిన వారం అతని పెద్ద కూతురు ఫోన్ చేసింది. వచ్చే నెల అందరూ వస్తున్నారట. గని ముందు నన్ను నిలబెట్టి, వాళ్ల నాన్న ఆ బిళ్ల కథ మనవలకు చెప్పాలట. "మీ కోసం నాన్న నౌకరి వదులుకున్నాడంట గదా పెదనాన్నా" అంది, వచ్చీరాని తెలుగులో, గర్వంగా.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. వాకిట్లోకి పోతాను, లోపలికొస్తాను. నిజం చెబితే అతను జీవితమంతా దాచుకున్న మంచిపనిని అతని చేతిలోంచి లాక్కున్నట్టే. ఇది అతని మీద జాలా? లేక ఆ పాత భయమే కొత్త చొక్కా వేసుకుందా?

అతని ముందు నోరు తెరుస్తానో లేదో ఈ రోజుకు తెలియదు. ఈ కాగితం మీద మాత్రం అబద్ధం రాయను. బిళ్ల పోలేదు. ఆ ఉదయం నేనే దాన్ని రత్నం అరచేతిలో పెట్టి, అతని వేళ్లు మూశాను.