మా మాస్టారు అడిగిన ఒక్క పేజీ

మా గిటారు మాస్టారు మొన్న శుక్రవారం ఆత్మకూరులో పోయారు. గుండెపోటు. ఆయన విషయంలో ఆ మాట నిజం. ఇదివరకు ఒకరి విషయంలో మేము దాన్ని అబద్ధంగా వాడాం కాబట్టి ఇలా చెప్పాల్సి వస్తోంది.

ఆయనకు మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు ఉండేది. పగలంతా రాగి తీగ చుట్టి, సాయంత్రం అవే వేళ్లతో మాకు గిటారు నేర్పేవారు. చేజర్ల నుంచి సైకిలు మీద వచ్చే నా చేతికి బేస్ గిటారు ఇచ్చి, "నీది వినపడకపోయినా ఫర్లేదురా, ఆగినప్పుడు తెలియాల" అన్నారు. అలా రాక్ బ్యాండు అయ్యాం. ఊళ్లో మాకు గోల పార్టీ అని పేరు. మాస్టారు మురిసిపోయి డ్రమ్ము మీద అదే రాయించారు.

మీలో మా కచేరీలు చూసినవాళ్లకు ఆయన అలవాటు ఒకటి గుర్తుండే ఉంటుంది. స్టేజీ పక్కన ఎర్త్ కోసం భూమిలో దింపిన ఇనుప కడ్డీ చుట్టూ ఉప్పు వేసి, తనే బక్కెట్టు నీళ్లు పోసేవారు. మొదటి పాటకు ముందు వంగి ఆ మట్టిని తడిమి చూసేవారు. అది భక్తి అనుకుని దండం పెట్టినవాళ్లూ ఉన్నారు. భక్తి కాదు. ఆ మట్టి తడారితే ఎర్త్ పనిచేయదు.

పదహారేళ్ల కిందట సీతారామపురం దగ్గర ఒక ఊళ్లో ఆయన ఆ నీళ్లు పోయలేదు. ఎండిన రాతినేల. పొద్దుగూకుతోంది, జనం ఈలలు వేస్తున్నారు. నీళ్లు తెస్తానన్నాను. "కడ్డీ దిగింది, చాల్లేరా, ఎక్కండి" అన్నారు. మూడో పాటలో మా గాయకుడు ఎడమచేయి గిటారు ఆరు తీగల మీద ఉండగానే మైకుకు పెదవి ఆనించాడు. షాకు కొట్టింది. ఉదయగిరి ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. వాళ్లమ్మకు వాడొక్కడే కొడుకు. పాడుతూ పాడుతూ గుండెపోటుతో పోయాడని ఆమెకు చెప్పాం. మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు.

నిరుడు బ్యాండు చరిత్రను పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు రాత పని నా మీద పడింది.

"నేను నీళ్లు పొయ్యలేదని, నా పేరు పెట్టి రాయి" అన్నారు మాస్టారు.

"ఆయమ్మ తట్టుకుంటాదా సార్?"

"రెండుసార్లు వాళ్ల వీధి దాకా పొయ్యి తిరిగొచ్చినాను. నోరు రాలేదు. అచ్చులో ఉంటే తప్పించుకునేదానికి ఉండదు. నేను బతికుండంగానే రాయిరా. పోయినాక రాస్తే అది చాడీ అవుతాది."

నేను రాయలేదు. జాలి అనుకున్నాను. నిజానికి భయం. ఆ అబద్ధం మొదట చెప్పిన నోరు నాదే. ఎవరు ఎవరితో పోట్లాడారో, ఎవరు తాగి శ్రుతి తప్పారో అంతా నవ్వుతాలుగా రాసి, గాయకుడి దగ్గర మాత్రం "హఠాన్మరణం" అని ఊరుకున్నాను. పుస్తకం పట్టుకుని కొట్టుకు వెళితే మాస్టారు ఆ పేజీ చదివి, పుస్తకం నా చేతికే తిరిగిచ్చారు. "టీ తాగి పో" అన్నారు. ఆ తర్వాత ఆయన గిటారు ముట్టలేదు. నేను ఆ దారిన వెళ్లడం మానేశాను. నాకు వచ్చిన విద్యంతా ఆయన పెట్టిన భిక్ష. ఆయన నన్ను అడిగింది ఒక్క పేజీ.

శనివారం అంత్యక్రియలు అయ్యాక గాయకుడి తల్లి నన్ను పక్కకు పిలిచింది. పుస్తకం చదివించుకుని విన్నానంది.

"ఆ పొద్దు వాడి వొళ్లు కడిగింది నేను గదా అబ్బయ్యా. కరెంటుకు కాలిన చెయ్యి చూళ్లేదనుకున్నారా?"

ఆమె మాస్టారి ఇంటి వైపు చూసింది.

"మీలో ఎవురన్నా చెప్తారేమోనని ఇన్నేళ్లు చూసినాను. ఆ మాస్టరు ఎదురైనప్పుడల్లా తల దించుకుని పొయ్యేవాడు. పుస్తకంలో ఉండుంటే నేనే పొయ్యి, పోనీలే సార్, అని ఒక మాట అనేదాన్ని."

నా ఎడమచేయి తీసుకుని వెల్లకిలా తిప్పింది. వేళ్ల మీద గోటితో గీతలు గీస్తూ, "ఇట్టా ఉండినాయి" అంది. ఒకదాని పక్కన ఒకటి, ఆరు.