కలకత్తా ఐసు

ఏలూరులో మా బ్లడ్ బ్యాంకు తలుపు తీయగానే చేసే మొదటి పని, పరీక్షకే పరీక్ష పెట్టడం. ఫ్రిజ్‌లోంచి గ్రూపు తేల్చే సీరం సీసాలు తీసి, గ్రూపు ముందే తెలిసిన రక్తం మీద చుక్కలు వేసి చూస్తాం. సీరం మంచిదైతే గాజు గొట్టంలో ఎర్రకణాలన్నీ ఒకే ముద్దగా గడ్డకడతాయి. దాన్ని నాలుగు ప్లస్ అంటాం. ముద్ద విరిగితే మూడు, పలుకులుగా ఉంటే రెండు, ఇసకలా ఉంటే ఒకటి. చూసింది చూసినట్టు రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి. ఇరవయ్యేళ్ళుగా ఆ సంతకం నాదే.

ఇది ముందే ఎందుకు చెప్పానంటే, మిగతా అన్నిచోట్లా నాకు కోతలు కోస్తాడని పేరు. రక్తమివ్వడానికి వచ్చి సూది చూసి వణికేవాళ్ళకి కొల్లేరు గూడబాతు కథ చెప్పేవాణ్ణి. అది చేపనుకుని సెల్‌ఫోను మింగిందని, నెలరోజులు దాని పొట్టలో రింగు మోగుతూనే ఉందని, చెరువు కాపలావాళ్ళు మిస్డ్ కాల్ ఇచ్చి మరీ దాన్ని బెదరగొట్టేవారని. కథ పూర్తయ్యేసరికి సంచి నిండిపోయేది. రిజిస్టర్ దగ్గర మాత్రం నోరూ, చెయ్యీ రెండూ కట్టేసుకునేవాణ్ణి.

ఆ ఏడు ఎండాకాలంలో సీరం సప్లై ఆగిపోయింది. ఎవరికి ఫోన్ చేసినా ఒకటే మాట. "ఇండెంటు వెళ్ళిందండీ, స్టాకు వస్తుందండీ." రెండు చుక్కలు వేయాల్సిన చోట ఒక చుక్కతో సరిపెట్టాం. కొందరి ఎర్రకణాలు మా గోదావరి మనుషుల్లా మహా మొహమాటస్థులు. పాజిటివే అయినా గట్టిగా పైకి చెప్పవు. అలాంటివాటిని నిలదీసి చెప్పించడానికి కూంబ్స్ అని ఇంకో సీరం ఉంటుంది. అది అయిపోయి అప్పటికే నెల. ఇక పాజిటివా నెగెటివా తేల్చే యాంటీ-డి సీసా కూడా అడుగంటింది.

"తాడేపల్లిగూడెంలో ఒక సీసా ఇస్తామన్నారండీ, మీరే వెళ్ళి తెండి" అన్నారు మా డాక్టరమ్మగారు. "కోల్డ్ బాక్సు మర్చిపోకండి."

"భలేవారే మేడమ్, నేను మర్చిపోతానా?" అన్నాను. మర్చిపోయాను.

తాడేపల్లిగూడెంలో సీసా చేతిలో పడ్డాక గానీ పెట్టె సంగతి గుర్తురాలేదు. బొటనవేలంత సీసా. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. స్టేషన్ దారిలో చేపలు ప్యాక్ చేసే షెడ్డు ఒకటి కనిపించింది. తెల్ల థర్మోకోల్ పెట్టెలు, మరలో ఐసు దిమ్మలు నలుగుతున్న చప్పుడు. ఆ షెడ్డాయన సాయిబుగారు, నా ఈడువాడే, తలకి తడిగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఒక చిన్న పెట్టె, కాస్త ఐసు కావాలన్నాను.

"ఎక్కడికండీ?" అన్నాడు.

ఏలూరుకి అంటే అయిపోయేది. గంట ప్రయాణం. కానీ నా నోరు అలాంటిది కాదు.

"కలకత్తాకండీ" అన్నాను. "అక్కడ దీనికోసం పెద్ద డాక్టర్లు స్టేషన్లోనే కూర్చున్నారు."

"అమ్మో! అంత దూరమా అండీ? అయితే మీరు పక్కకుండండి, నేను చూసుకుంటాను."

నాకు నవ్వొచ్చింది. ఆయన పాపం ఎంతో శ్రద్ధగా పెట్టె అడుగున దిమ్మ ముక్క పెట్టి, మధ్యలో సీసా పడుకోబెట్టి, చుట్టూ నలిపిన ఐసు కుక్కి, దాని మీద రెండు గుప్పిళ్ళ రాళ్ళుప్పు చల్లాడు. ఉప్పు పడితే ఐసు సున్నా కంటే కిందికి చల్లబడుతుంది. మూత పెట్టి, టేపు నాలుగు చుట్లు తిప్పి, "రెండ్రోజులైనా చెక్కుచెదరదండీ" అన్నాడు. రైల్లో పక్కవాళ్ళు పెట్టెలో ఏముందని అడిగితే గూడబాతు గుడ్లున్నాయని చెప్పి, భీమడోలు దాకా వాళ్ళని నవ్వించాను.

ఏలూరులో టేపు కోసి సీసా తీసి ఊపాను. చప్పుడు లేదు. లోపల సీరం రాయైపోయింది.

ఒకసారి గడ్డకట్టి కరిగిన సీరాన్ని నమ్మకూడదని మాకు మొదటి పాఠంలోనే చెప్తారు. అరచేతిలో పెట్టుకుని కరిగించాను. ఎవరికీ చెప్పలేదు. పెట్టె మర్చిపోయినవాణ్ణనీ, కలకత్తా అన్నవాణ్ణనీ చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్న కంట్రోల్ పెట్టాను. గొట్టం నెమ్మదిగా ఊపితే ముద్ద లేదు. పలుకులు. రెండు ప్లస్, మహా అయితే. రెండు అని రాస్తే ఆ సీసా పక్కన పెట్టాలి, గ్రూపులు చూడటం ఆపెయ్యాలి, వచ్చినవాళ్ళనల్లా విజయవాడ పంపాలి. అవన్నీ నాకు నేను చెప్పుకున్న కారణాలు. అసలుది సిగ్గు. నాలుగు ప్లస్ అని రాసి సంతకం పెట్టాను. నా జన్మలో చెప్పిన అబద్ధాల్లో అన్నిటికంటే పొట్టిది అదే. అంకె ఒకటి, గుర్తు ఒకటి.

ఆ పూటే గణపవరం నుంచి ఒక రైతు వచ్చాడు, బంధువుకి ఎక్కించిన రక్తానికి బదులు ఇవ్వడానికి. ఆ సీసాతోనే చూస్తే ఆయన గ్రూపు బి నెగెటివ్ అని తేలింది.

"అదేంటండీ, కాలేజీలో చూసినప్పుడు పాజిటివ్ అన్నారే" అన్నాడు ఆయన.

"కాలేజీలో చూసినోళ్ళకి ఏం తెలుసండీ? అత్తిలిలో ఒకాయనకి పెళ్ళికి ముందు ఒక గ్రూపు, పెళ్ళయ్యాక ఒక గ్రూపు. భార్యకి భయపడి మారిపోయింది."

ఆయన నవ్వి చెయ్యి చాపాడు. నేను సూది గుచ్చాను.

బి నెగెటివ్ సంచి దొరకడం మాకు పండగ. మిగతా పరీక్షలన్నీ ముగిసి, మర్నాడు మధ్యాహ్నానికి దాని అవసరం కూడా వచ్చేసింది. మండవల్లి దగ్గర చెరువు గట్టు మీద ఆటో బోల్తాపడి, పెళ్ళయి మూడు నెలలే అయిన అమ్మాయి, తొడ ఎముక విరిగి, ఒళ్ళంతా పాలిపోయి వచ్చింది. ఆమెది బి నెగెటివ్. ఊళ్ళో ఎప్పుడో పరీక్ష చేసి ఇచ్చిన కార్డు మీదా అదే ఉంది. సంచి నేనే వార్డుకి పట్టుకెళ్ళాను. మంచం మీద ఆమె మెలకువగానే ఉంది.

"నొప్పిగా ఉంది అన్నయ్యగారూ" అంది. గూడబాతు కథ చెప్పాను. చుక్క చుక్కగా రక్తం దిగుతుంటే ఆమె పెదాలు నవ్వాయి. అమ్మాయి బతికింది. వాళ్ళాయన మా బ్యాంకుకి వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

పది రోజులకి కొత్త స్టాకు వచ్చింది. ఫ్రిజ్‌లో గణపవరం రైతు నమూనా గొట్టం ఇంకా ఉంది. కొత్త సీరం రెండు చుక్కలు వేస్తే ఒక్క నిమిషంలో నిజం తేలిపోయేది. ఆ గొట్టం చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను. చూస్తే తెలిసిపోతుంది. అందుకే చూడలేదు. చెత్త సంచిలో పడేశాను.

నెగెటివ్ ఆడపిల్లకి పాజిటివ్ రక్తం ఎక్కితే అప్పటికప్పుడు ఏమీ కనిపించకపోవచ్చు. కానీ ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. రేపు కడుపులో పాజిటివ్ బిడ్డ పడితే, తల్లి రక్తమే ఆ బిడ్డ రక్తాన్ని విరిచేస్తుంది. ఇది నాకు తెలుసు. తెలిసే రెండేళ్ళు కథలు చెప్పుకుంటూ తిరిగాను.

రెండేళ్ళ తర్వాత ఆమె కౌంటర్ దగ్గర నిలబడింది. కాలు కొంచెం ఈడుస్తోంది. ఐదో నెల.

"గుర్తున్నానా అన్నయ్యగారూ? మీ గూడబాతు బాగుందా?"

ఆమె రక్తంలో ఆ శత్రుత్వం ఉందేమో చూడమని డాక్టరు రాసిచ్చిన చీటీ చేతిలో ఉంది. నేనే పరీక్ష పెట్టాను. గొట్టం ఊపాను. పలుకులు కాదు, ఇసక కాదు. ముద్ద. నిజమైన నాలుగు ప్లస్.

రిజల్టు చూసి డాక్టరమ్మగారు తల పట్టుకున్నారు. "తొలి కాన్పే కదండీ, ఇదెలా వచ్చింది? ముందెప్పుడైనా రక్తం ఎక్కించారా?"

"మనమే ఎక్కించాం మేడమ్" అన్నాను. పెట్టె మర్చిపోయింది మొదలు గొట్టం పారేసింది దాకా చెప్పాను.

ఆవిడ నావైపు చిరాగ్గా చూశారు. "మీ కోతలకి ఇదా అండీ సమయం?" లేచి పాత రిజిస్టర్ తీయించారు. పేజీ తిప్పి వేలు పెట్టి చూపించారు. "నాలుగు ప్లస్ ఉంది కదండీ. మీ రాతేగా?"

"నా రాతే. అది అబద్ధం."

"రిజిస్టర్ అబద్ధం, మీరు నిజమా?"

నమ్మించడానికి గణపవరం కబురు పెట్టాల్సివచ్చింది. రైతు వచ్చాడు. మంచి సీరం వేస్తే, మొహమాటపడుతూనే అయినా, ఆయన కణాలు గడ్డకట్టాయి. ఆయన అరిచి గోల చెయ్యలేదు. "నేనానాడే అన్నాను కదండీ" అన్నాడు, తప్పు తనదైనట్టు.

ఆమెని విజయవాడ పంపారు. కడుపులోని బిడ్డకి రక్తం ఎక్కించే ప్రయత్నం కూడా చేశారట. ఏడో నెలలో బిడ్డ పోయింది. మగపిల్లాడు.

నాకు మెమో ఇచ్చారు, ఎంక్వైరీ నడిచింది, అవన్నీ నడిచేవే. ఆమెకి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. 'రక్తం పడలేదు' అని ఊరుకున్నారు. ఒక ఆదివారం పొద్దున్న మండవల్లి బస్సెక్కాను.

చెరువు గట్టు మీద వాళ్ళ ఇల్లు. ముందు పాకలో వాళ్ళాయన చేపలు పెట్టెలకెత్తి పారతో ఐసు వేస్తున్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా" అన్నాను. అలంకారాల్లేకుండా జరిగింది చెప్పాను. పెట్టె, ఐసు, ఉప్పు, సీసా, అంకె. వాళ్ళాయన చేతిలో పార ఆగిపోయింది. నన్నేమైనా చేస్తాడనుకున్నాను. చేస్తే బాగుండుననీ అనుకున్నాను.

ఆమె అడిగింది. "ఎక్కడికని చెప్పారు, ఐసాయనతో?"

"కలకత్తాకని."

ఆమె పాకలోని పెట్టెల వైపు చూసింది. కొన్నిటి మీద నీలం గీత, దూరం వెళ్ళేవి, మూత దాకా ఐసు, పైన ఉప్పు. గీత లేనివి దగ్గర ఊళ్ళవి.

"ఏలూరుకనుంటే పైన ఒక పొర ఐసు వేసి ఊరుకునేవారండీ" అంది.

అంతే అంది. వాళ్ళాయన వెనక్కి తిరిగి మళ్ళీ పార అందుకున్నాడు. ఐసు మీద పార పడే చప్పుడు నేను గట్టు దిగేదాకా వినిపించింది.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన అడిగాడు. "ఎందాకండీ?"

"ఏలూరండీ" అన్నాను.