దసరాకు అందని ప్రాసెసర్

అది 2023 ఆగస్టు నెల. శ్రీకాకుళంలో నాకు వాయిద్యాల దుకాణం ఉంది. పేరుకు దుకాణమే గానీ అమ్మకం కంటే రిపేరు పనే ఎక్కువ. హార్మోనియం తిత్తికి తోలు అతకడం, కీబోర్డుల్లో దూరిన చీమల్ని దులపడం, తెగిన కేబుళ్లు అతికించడం, ఇలా రోజు గడుస్తుంది. మా నాన్నది పప్పుల వ్యాపారం. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఎలక్ట్రానిక్స్ నాకు నేర్పింది జిల్లా గ్రంథాలయం. ధ్వని మీద అక్కడున్న ప్రతి పుస్తకం చదివాను, అర్థం కానివి రెండుసార్లు చదివాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం. ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని అనడం మాత్రం నాకు రాదు.

గిటార్ ప్రాసెసర్ అంటే తెలియనివారి కోసం రెండు మాటలు. ఎలక్ట్రిక్ గిటార్ తీగల నుంచి వచ్చే శబ్దం చాలా సన్నగా, పేలవంగా ఉంటుంది. గిటారిస్టు కాలి దగ్గర పెట్టుకునే ఈ పెట్టె ఆ శబ్దాన్ని అంకెల్లోకి మార్చి, పాటకు కావలసిన గొంతునిచ్చి స్పీకర్లకు పంపుతుంది. ఒక పాటకు గరగరమనే గొంతు, ఇంకో పాటకు లోయలో పిలిచినట్టు ప్రతిధ్వని. ఒక్కో అమరికను ప్యాచ్ అంటారు. కాలితో మీట నొక్కితే ప్యాచ్ మారుతుంది. పదిమంది వాయించే ఆర్కెస్ట్రాలో ఈ పెట్టె లేకపోతే గిటార్ ఉన్నా లేనట్టే.

పైడిరాజుది నరసన్నపేట దగ్గర పల్లె. ఎకరన్నర వరి పొలం ఉంది. అప్పటికి నలభై మూడేళ్లు ఉంటాయి. గవరయ్య మాస్టారి ఆర్కెస్ట్రాలో పద్దెనిమిదేళ్లుగా గిటార్ వాయిస్తున్నాడు. ఉద్దానం నుంచి విజయనగరం దాకా అమ్మవారి సంబరాలకూ పెళ్లిళ్లకూ వాళ్ల బృందం వెళ్లేది. సొంత ఊళ్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవారు లేరు. 'గిటారు' అనేవారు. అతని భార్యను కూడా 'గిటారోడి పెళ్లాం' అనేవారు. వరి తిండి గింజలకు సరిపోయేది. మనిషిగా అతన్ని నిలబెట్టింది మాత్రం ఆ స్టేజీ మీద కీబోర్డు పక్కనున్న రెండడుగుల చోటు.

ఆ ఆగస్టులో అతని పాత ప్రాసెసర్ మొరాయించడం మొదలుపెట్టింది. కొత్తది కొనడానికి డబ్బు సిద్ధం చేసుకునే వచ్చాడు. అప్పుడు నా అద్దాల బీరువాలో ఒకే ఒక్క పీసు ఉంది.

"ఏటి బాబూ, ఇది కొనీమంటారా, ఆగమంటారా? కొత్త మోడల్ వస్తాదని ఫోన్లో ఎవులో సెప్తన్నారు" అన్నాడు.

నాకు ఇలాంటి ప్రశ్నంటే పండగ. కంపెనీ ఈ మోడల్ తయారీ తగ్గించేసిందనీ, పై దేశాల దుకాణాల్లో ఉన్న సరుకును తగ్గించి అమ్ముతున్నారనీ, అవి కొత్త మోడల్ రాబోతున్న గుర్తులనీ చెప్పాను. రాబోయే దాంట్లో చిప్ వేగం ఎక్కువ ఉంటుంది కాబట్టి తీగ మీటడానికీ మోత వినిపించడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుందనీ, ఆ ఆలస్యాన్ని లేటెన్సీ అంటారనీ బొమ్మ గీసి మరీ చూపించాను.

"ఇప్పుడు కొంటే మూడు నెలల్లో పాతదైపోతాది. ఆగు పైడిరాజూ."

"దసరాకి వచ్చీస్తాదా?"

"ఆ ప్రాంతాలకి వచ్చీస్తాది."

అతను నవ్వాడు. "మా సావుకారు లైబ్రరీ మొత్తం నమిలి మింగీసినాడు. కొంతానన్నోడికి వద్దని సెప్పే కొట్టు జిల్లాలో ఇదొక్కటేనండి" అని డబ్బు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా నేను చాలా నిజాయితీపరుడినన్న సంతోషంలో ఉన్నాను. అతను దసరా పేరు ఎందుకెత్తాడో అడగాలని నాకు తోచలేదు.

ఏటా దసరా ముందు మా బల్ల మీద వాయిద్యాలు కుప్పపడతాయి. విజయదశమి నాడు పూజలో పెట్టాలని ఆర్కెస్ట్రాల వాళ్లు అన్నీ బాగుచేయించుకుంటారు. అది భక్తి అనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్లు అలాగే అనుకున్నాను.

సెప్టెంబరులో విజయనగరం నుంచి శంకర్ అనే గిటారిస్టు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. నా దగ్గరున్న ఆ ఒక్క పీసునూ బేరమాడకుండా తీసుకున్నాడు. అతనికీ చెప్పాను, కొత్తది వస్తోందని.

"వస్తే రానీండి. కొత్తదొచ్చినపుడు దాని సంగతి సూద్దాం. నాకు దసరాకి సేతిలో పెట్టె ఉండాల" అన్నాడు. తొందరపాటు మనిషి అనుకున్నాను.

దశమి నాలుగు రోజులుందనగా పైడిరాజు వచ్చాడు. కొత్త మోడల్‌ను కంపెనీ ప్రకటించిన మాట నిజమే. మన దేశానికి ఎప్పుడొస్తుందో మాత్రం డీలరుకే తెలియదు.

"పోనీ, ఆ పాతదే ఇచ్చీండి బాబూ."

"అమ్మీసినాను."

అతను ఖాళీగా ఉన్న అర వైపు చూశాడు. "ఎవులికి?" అని కూడా అడగలేదు. సంచిలోంచి తన పాడైన పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే దీన్ని బతికించండి. దశమి పొద్దున ఒక్క పాట వాయిస్తే సాలు."

అప్పుడు చెప్పాడు. గవరయ్య మాస్టారి బృందంలో విజయదశమి పూజకు ముందు పాతవాళ్లూ, చేరాలని వచ్చే కొత్తవాళ్లూ తలో పాట వాయిస్తారు. మాస్టారికి నచ్చిన వాయిద్యాల్ని వరసగా పీట మీద పెట్టి బొట్టు పెడతారు. ఆ వరసలో ఉన్నవాళ్లే వచ్చే దసరా దాకా బృందం. సంబరాల కమిటీల వాళ్లు కూడా ఆ వరస చూసే బయానా ఇస్తారు. మధ్యలో ఎవర్నీ తీయరు, ఎవర్నీ చేర్చరు. చుట్టుపక్కల బృందాలన్నిటా ఇదే పద్ధతట.

రెండు రోజులు ఆ పెట్టెతో కుస్తీ పట్టాను. ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చాను. అవి కరెంటును నిలకడగా ఉంచే చిన్న చిన్న డబ్బాలు. పగిలిన టంకాలు మళ్లీ వేశాను. అసలు జబ్బు చిప్‌లో ఉంది. వేడెక్కితే ఆగిపోతోంది. ఆ చిప్ బయట దొరకదు. ఫ్యాను కింద పెడితే గంటసేపు పనిచేసింది. ఆ గంటను నమ్ముకుని అతనికి ఇచ్చేశాను.

దశమి పొద్దున నేనూ వెళ్లాను. రేకుల షెడ్డు ముందు షామియానా వేశారు. గవరయ్య మాస్టారు డెబ్బై దాటినా గట్టి మనిషి. కుర్చీలో కళ్లు మూసుకుని వింటున్నారు. పైడిరాజు పల్లవి వాయిస్తుంటే నా ఒళ్లు పులకరించింది. మొదటి చరణం దాటింది. రెండో చరణం మధ్యలో స్పీకర్లు బుయ్యిమన్నాయి. గొంతు పోయింది. అతను మీట నొక్కాడు, మళ్లీ నొక్కాడు. చివరికి వైరు పీకి గిటార్‌ను నేరుగా మిక్సర్‌కు తగిలించి పాట పూర్తి చేశాడు. చేతుల్లో ఏ లోపమూ లేదు. వినిపించింది మాత్రం రేకు డబ్బా మోత.

"అదేట్రా పైడీ, పెళ్లి సీజను పెట్టుకుని ఇదా నీ సరంజామా?" అన్నారు మాస్టారు.

"కొత్తది వస్తన్నాది మాస్టారూ."

"వస్తన్నాదా? ఎప్పుడు? సంబరాలైపోయినాకా?"

కొందరు నవ్వారు. ఆ తర్వాత లేచినవాడు శంకర్. అతని పాదం దగ్గర నా దుకాణంలోని పెట్టె ఉంది. పీట మీద దానికి బొట్టు పెట్టడం నా కళ్లతో చూశాను. పైడిరాజు పద్దెనిమిదేళ్లు నిలబడిన చోటు కోసం పోటీకి వచ్చినవాడికి ఆయుధం అమ్మింది నేనే.

నేను విశాఖపట్నం అంతా ఫోన్లు చేసి ఇంకో పాత మోడల్ పీసు సంపాదించాను. అది వచ్చేసరికి పది రోజులైంది. దాన్ని పట్టుకుని పైడిరాజుతో కలిసి మాస్టారింటికి వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. ఇద్దరు గిటారిస్టుల్ని పెట్టుకోమన్నాను.

"ఇద్దరికి ఎవులిస్తారండి కూలి? పూజలో కూకున్నోణ్ణి లేపీడమేటి, తల్లి ఊరుకుంటాదా?" అన్నారు మాస్టారు. పైడిరాజు వైపు తిరిగి మెత్తగా, "వచ్చీ దసరాకి రారా" అన్నారు.

బయటికొచ్చాక ఆ పెట్టె తీసుకోమన్నాను, డబ్బు తర్వాత చూసుకుందామన్నాను. "ఎక్కడ వాయించీదానికి బాబూ?" అన్నాడు. పెట్టెను సంచిలో పెట్టుకుని దుకాణానికి తిరిగొచ్చాను.

ఆ ఏడాది అతను భోగాపురం విమానాశ్రయం పనులకు వెళ్లాడు. ఇనుప చువ్వలు వంచి కట్టే పని. కొత్త మోడల్ మరుసటి ఏడు జూన్‌లో మా దుకాణానికి వచ్చింది. నేను చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. వేగమైన చిప్, దాదాపు లేనట్టే ఉన్న లేటెన్సీ. వచ్చే రోజు తప్ప ఒక్క అక్షరం కూడా తప్పు చెప్పలేదు. పైడిరాజుకు ఫోన్ చేశాను.

ఆదివారం వచ్చాడు. బాగా నల్లబడ్డాడు. గోడకున్న గిటార్ తీసి చేతికిచ్చాను. ఎడమ చేతి చూపుడు వేలు వంచలేకపోయాడు. చువ్వల మధ్య నలిగిందట, ఎముక వంకరగా అతుక్కుందట. ఆ విషయం ఫోన్లో చెప్పలేదు. మిగతా మూడు వేళ్లతో ఒక చిన్న వరస వాయించాడు. ఆ పెట్టెలోంచి వచ్చిన గొంతుకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి లోపలికి చూశారు.

"బాగున్నాది బాబూ. మీరు సెప్పినట్టే ఉన్నాది" అన్నాడు. గిటార్‌ను జాగ్రత్తగా గోడకు తగిలించాడు. "ఎవులికైనా మంచోడికి అమ్మీండి."

"వచ్చే దసరాకి..." అని నేను మొదలుపెట్టాను.

"వొగ్గీండి బాబూ" అన్నాడు. వదిలేయమన్నట్టు చెయ్యి ఊపి, మెట్లు దిగి బస్సు కోసం వెళ్లిపోయాడు. కోపంతో తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇప్పటికీ జనం వచ్చి అడుగుతూనే ఉంటారు, కొందామా, ఆగుదామా అని. నాకు కంపెనీల సంగతులు ముందుకంటే బాగా తెలుసు. అయినా వెంటనే ఏమీ చెప్పను. నువ్వు దీన్ని ఏ రోజున వాయించాలి, ఎవరి ముందు వాయించాలి, ఆ రోజు వాయించకపోతే నీకేమవుతుంది అని అడుగుతాను. ఈ మూడు ప్రశ్నలూ నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. ఇవి తెలుసుకోవడానికి ఒక మనిషి బతుకు ఖర్చయింది, అది నా బతుకు కాదు.